బేస్‌బాల్ చూడటం నేర్చుకుందాం – 7వ పాఠం: జూలై నెలాఖరు బేరాల్లో రిలీవర్‌ని అంచనా వేయడం

ముందు పోయిన పాఠం హోమ్‌వర్క్ సంగతి. జట్టు 5-2తో ముందుంది. తొమ్మిదో ఇన్నింగ్స్‌కి, అంటే ఆఖరిదానికి, వచ్చిన రిలీవర్ (ఆట మధ్యలో పాత పిచర్ స్థానంలో బంతి వేయడానికి దిగేవాడు) రెండు రన్లు ఇచ్చుకుని, అందరికీ టెన్షన్ పెట్టి, చివరికి 5-4తో ఆట ముగించాడు. అతని పేరు మీద సేవ్, అంటే లీడ్ కాపాడిన ఖాతా, రాస్తారా? రాస్తారు. వచ్చేటప్పటికి లీడ్ మూడు రన్లకు మించకూడదు, కనీసం ఒక ఇన్నింగ్స్ వేయాలి, లీడ్ పోకుండా ఆట ముగించాలి. ఎంత బాగా వేశాడన్నది ఆ నిబంధనకు పట్టదు. కాబట్టి ఈ పాఠంలో సేవ్‌ల సంఖ్యను మనమూ పట్టించుకోం.

ఈసారి నేర్చుకునేది ఇది: ఫలానా జట్టు ఫలానా రిలీవర్‌ని తెచ్చుకుందని ఫోన్‌లో వార్త రాగానే, టీవీలో నిపుణులు నోరు విప్పేలోపే ఆ బేరం మంచిదో కాదో మీరే తేల్చుకోవడం.

జట్లు ఆటగాళ్లను మార్చుకోవడానికి ఆఖరి గడువైన ట్రేడ్ డెడ్‌లైన్ సాధారణంగా జూలై 31, ఒక్కోసారి కొద్ది రోజులు అటూ ఇటూ. 2018 వరకు ఆగస్టులో కూడా వేరే దారిలో ఆటగాళ్లను మార్చుకునే వీలుండేది. 2019లో ఆ దారి మూసేశారు. 162 ఆటల సీజన్‌లో అప్పటికి మూడింట రెండు వంతులు అయిపోయి ఉంటాయి. ఆశ వదులుకున్న జట్టు అమ్ముతుంది, ఆశ ఉన్న జట్టు కొంటుంది. చెల్లింపు ఎక్కువగా డబ్బులో ఉండదు, కింది స్థాయి మైనర్ లీగ్‌లో పెరుగుతున్న కుర్రాళ్ల రూపంలో ఉంటుంది. వాళ్లనే ప్రాస్పెక్టులు అంటారు. రేపు ముహూర్తం పెట్టుకుని ఈరోజు పూలకు వెళ్లినవాడికి దుకాణంవాడు ఏ ధర చెబుతాడో ఇక్కడా అంతే.

అంత ధర పోసి కొన్న రిలీవర్ మిగిలిన రెండు నెలల్లో ఎన్ని ఇన్నింగ్స్ వేస్తాడు? మహా అయితే పాతిక. 1990 ఆగస్టు చివర్లో బోస్టన్ రెడ్ సాక్స్ హ్యూస్టన్ నుంచి లారీ ఆండర్సన్‌ని తెచ్చుకుంది. అతను ఆ సీజన్‌లో వాళ్లకు 22 ఇన్నింగ్స్ వేశాడు, చాలా బాగా వేశాడు కూడా. బదులుగా ఇచ్చిన కుర్రాడి పేరు జెఫ్ బాగ్‌వెల్. హ్యూస్టన్‌కి 449 హోమ్ రన్లు కొట్టి 2017లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నికయ్యాడు. రిలీవర్ బాగా వేసినా బేరం చెడ్డదే కావచ్చు. దీన్ని పక్కన రాసుకోండి.

ఇక పని మొదలుపెడదాం. పిచర్ గణాంకాల పేజీ తెరవగానే కళ్లు ఈఆర్ఏ మీదకు పోతాయి. పోనివ్వకండి. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని ఎర్న్‌డ్ రన్లు (ఫీల్డర్ల తప్పుల వల్ల కాకుండా వచ్చినవి) ఇచ్చాడో చెప్పే అంకె అది. 120 ఇన్నింగ్స్ వేసిన స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచర్) 40 రన్లు ఇస్తే ఈఆర్ఏ 3.00. ఒక రాత్రి ఒకే ఒక్క ఔట్ తీసి నాలుగు రన్లు ఇచ్చుకున్నాడనుకోండి, 3.29కి చేరుతుంది. 40 ఇన్నింగ్స్‌లో 8 రన్లిచ్చిన రిలీవర్‌ది 1.80. అదే చెడ్డ రాత్రి అతనికి ఎదురైతే 2.68! రిలీవర్ ఈఆర్ఏ చాలా తక్కువ ఇన్నింగ్స్ మీద నిలబడి ఉంటుంది కనుక ఒక్క రాత్రికే తలకిందులవుతుంది. దానికి తోడు ఇంకో తిరకాసు ఉంది. పాత పిచర్ బేస్‌ల మీద వదిలిపోయిన రన్నర్లు కొత్త పిచర్ చేతిలో హోమ్‌కి చేరితే ఆ రన్లు పాతవాడి ఖాతాలోనే పడతాయి. ముగ్గురు రన్నర్లనీ లోపలికి పంపించిన రిలీవర్ కూడా తన ఈఆర్ఏకి మచ్చ పడకుండా ఇంటికెళ్లగలడు.

మరి ఏం చూడాలి? ఎదుర్కొన్న బ్యాటర్లలో ఎంతమందిని స్ట్రైకౌట్ చేశాడు (మూడు స్ట్రైక్‌లతో ఔట్), ఎంతమందికి వాక్ ఇచ్చాడు (నాలుగు చెడ్డ బంతులకు ఊరికే మొదటి బేస్). మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి, బ్యాటర్ల సంఖ్యతో భాగించి, శాతం కట్టండి. ఈ మధ్య సీజన్లలో మేజర్ లీగ్ సగటు పద్నాలుగు దరిదాపుల్లో ఉంటోంది. ఎనిమిదో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బంతి చేతికివ్వడానికి కొంటున్నవాడికి ఇరవై దాటాలని నా పట్టుదల.

చేసి చూడండి. వీళ్లిద్దరూ నేను కల్పించినవాళ్లు. 'అ' ఈఆర్ఏ 1.76, 170 మంది బ్యాటర్లు, 34 స్ట్రైకౌట్లు, 19 వాక్‌లు. 'ఆ' ఈఆర్ఏ 3.55, 155 మంది, 51 స్ట్రైకౌట్లు, 11 వాక్‌లు. పత్రికల్లో పెద్దక్షరాలు 'అ'కే దక్కుతాయి. లెక్క కడితే 'అ'కి తొమ్మిది శాతం కూడా లేదు, 'ఆ'కి దాదాపు ఇరవై ఆరు. నేనైతే 'ఆ'ని తెచ్చుకుంటాను, అదీ బహుశా తక్కువ ధరకే.

ఇప్పుడు నిజమైన ఉదాహరణ. నేను సియాటిల్ మెరీనర్స్ అభిమానిని, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. 1997లో మా జట్టులో కెన్ గ్రిఫీ జూనియర్, ర్యాండీ జాన్సన్, అలెక్స్ రోడ్రిగెజ్ అందరూ ఉన్నారు, బుల్‌పెన్, అంటే రిలీవర్ల బలగం, ఒక్కటే లేదు. జూలై 31న బోస్టన్ నుంచి హీత్‌క్లిఫ్ స్లోకంబ్‌ని తెచ్చారు. అతను క్లోజర్ (చివరి ఇన్నింగ్స్ ముగించే రిలీవర్) అన్న పేరు ఉంది, సేవ్‌లున్నాయి. కానీ ఆ ఏడాది ఈఆర్ఏ ఆరుకు దగ్గర, వాక్‌లు దాదాపు స్ట్రైకౌట్లతో సమానం. మన పద్ధతిలో అతనికొచ్చే అంకె ఎక్కడుంటుందో చెప్పనక్కర్లేదు. బదులుగా వెళ్లినవాళ్లు జేసన్ వారిటెక్, డెరెక్ లో. 2004లో బోస్టన్ 86 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు క్యాచర్ వారిటెక్. ఆ పోస్ట్‌సీజన్‌లో (సీజన్ తర్వాత టైటిల్ కోసం ఆడే సిరీస్‌లు) మూడు సిరీస్‌లనూ ముగించిన ఆటల్లో విన్, అంటే గెలుపు ఖాతా, దక్కిన పిచర్ డెరెక్ లో.

స్లోకంబ్ విషయంలో తప్పు కొనడంలోనే ఉంది. ఒక్కోసారి కొన్నవాడు మంచివాడే అయినా వాడుకోవడంలో తేడా వస్తుంది. దానికి 2016ని మించిన పాఠం లేదు.

ఆ జూలైలో న్యూయార్క్ యాంకీస్ ఇద్దరు ఎడమచేతి రిలీవర్లను అమ్మింది. అరోల్డిస్ చాప్‌మన్ షికాగో కబ్స్‌కి వెళ్లాడు, బదులుగా వచ్చిన నలుగురిలో ముఖ్యుడు గ్లేబర్ టోరెస్. ఆండ్రూ మిల్లర్ క్లీవ్‌ల్యాండ్‌కి వెళ్లాడు, అతనికీ నలుగురు. ఇక్కడ కాంట్రాక్టు చూడటం నేర్చుకోవాలి. చాప్‌మన్‌ది ఆ సీజన్‌తో అయిపోతుంది, మిల్లర్‌ది 2018 దాకా ఉంది. అంటే కబ్స్ కొన్నది మూడు నెలలు, క్లీవ్‌ల్యాండ్ కొన్నది రెండున్నర సీజన్లు. (చాప్‌మన్ ఆ సీజన్‌ని గృహహింస విధానం కింద 30 ఆటల సస్పెన్షన్‌తో మొదలుపెట్టాడు. కబ్స్ అభిమానుల్లో చాలామందికి ఆ బేరం మింగుడుపడలేదు. మన లెక్కలో దానికి గడి లేదు, అయినా మరచిపోకూడదు.)

క్లీవ్‌ల్యాండ్ మేనేజర్ టెరీ ఫ్రాంకోనా మిల్లర్‌ని తొమ్మిదో ఇన్నింగ్స్‌కి దాచిపెట్టలేదు. ఆరోదైనా ఏడోదైనా, ఆట జారిపోయేలా ఉన్నచోట దించాడు. టొరంటో మీద ఏడు ఇన్నింగ్స్ పైచిలుకు వేసి 14 స్ట్రైకౌట్లు, సున్నా రన్లు; లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు).

వరల్డ్ సిరీస్‌లో అదే క్లీవ్‌ల్యాండ్ మీద కబ్స్ 3-1తో వెనకబడింది. ఐదో ఆటలో చాప్‌మన్ 42 బంతులు వేసి ఎనిమిది ఔట్లు తీశాడు, కబ్స్ 3-2తో బతికింది. ఇది సరైన వాడకం. ఆరో ఆటలో 7-2 లీడ్ ఉండగా మళ్లీ దించారు, ఇంకో 20 బంతులు. ఇది నాకు ఇప్పటికీ అర్థం కాదు. మర్నాడే ఏడో ఆట. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అలసిన చేత్తో వేసిన బంతిని రాజై డేవిస్ హోమ్ రన్ కొట్టి స్కోరు సమం చేశాడు. అదే ఆటలో మిల్లర్ కూడా డేవిడ్ రాస్‌కి హోమ్ రన్ ఇచ్చాడు. చివరికి పదో ఇన్నింగ్స్‌లో కబ్స్ 8-7తో గెలిచింది, 1908 తర్వాత మొదటిసారి. లీడ్ పోగొట్టిన చాప్‌మన్‌కే విన్ రాశారు! స్కోర్‌బుక్‌ని ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తోంది.

ఆఖరి ఔట్ తీసిన మైక్ మాంట్‌గోమరీ కూడా ఆ జూలైలో కొన్నవాడే. అప్పుడు పెద్దగా చప్పుడు లేదు. అమ్మింది ఎవరనుకున్నారు? మా మెరీనర్సే.

టోరెస్ 2018, 2019లో ఆల్ స్టార్ అయ్యాడు. చాప్‌మన్ ఆ చలికాలమే 8.6 కోట్ల డాలర్లకు యాంకీస్‌కి తిరిగి వెళ్లిపోయాడు. అయినా ఆ బేరం కబ్స్‌కి మంచిదేనంటాను. అతను లేకుంటే ఐదో ఆట దాటడం కష్టం.

హోమ్‌వర్క్. 2025 అక్టోబర్ 20, టొరంటో, అమెరికన్ లీగ్ ఛాంపియన్‌షిప్ ఏడో ఆట. మెరీనర్స్ 3-1తో ముందుంది. ఏడో ఇన్నింగ్స్, ఒక ఔట్, రెండో మూడో బేస్‌ల మీద రన్నర్లు, బ్యాటర్ జార్జ్ స్ప్రింగర్. బుల్‌పెన్‌లో క్లోజర్ ఆండ్రెస్ మున్యోజ్ ఉన్నాడు. మేనేజర్ డాన్ విల్సన్ ఎడ్వార్డ్ బజార్డోని పిలిచాడు. స్ప్రింగర్ మూడు రన్ల హోమ్ రన్ కొట్టాడు, టొరంటో 4-3తో గెలిచింది. ఇద్దరి 2025 పేజీలు తెరిచి పైన చెప్పిన శాతం కట్టండి, అంతకు ముందు నాలుగైదు రోజుల్లో ఎవరెన్ని బంతులు వేశారో చూడండి. మీరైతే ఎవరిని పిలిచేవారో నాలుగు వాక్యాల్లో రాయండి. ఫలితం తెలుసు కదా అని జవాబు అక్కడి నుంచి మొదలుపెట్టకండి.

వచ్చే పాఠం: 2020 నుంచి అమల్లో ఉన్న ముగ్గురు బ్యాటర్ల నిబంధన, దానివల్ల పని పోయిన ఎడమచేతి పిచర్లు.