ఎనియాగ్రామ్‌లో మీ టైప్ తేలడం లేదా?

ఎనియాగ్రామ్ అంటే మనుషుల స్వభావాలను 9 టైపులుగా విడదీసి చూసే పద్ధతి. వాటిలో మీదేదో తెలియకపోతే, మీరు ఏం చేస్తున్నారన్నది పక్కన పెట్టి, అది చేయకపోతే ఏ భయం పట్టుకుంటుందో గమనించండి.

ఆఫీసులో మెయిల్ పంపే ముందు పదిసార్లు సరిచూసుకుంటారనుకోండి. తప్పు దొర్లితే మీ దృష్టిలో మీరే దిగజారినట్టు అనిపిస్తే ఒకటో టైప్ కావచ్చు. నలుగురిలో పేరు పోతుందని గుబులైతే మూడు. రేపు తేడా వస్తే వెనక ఎవరూ నిలబడరన్న టెన్షన్ అయితే ఆరు. పైకి ముగ్గురూ ఒకేలా కనిపిస్తారు. అందుకే అలవాట్ల గురించి మాత్రమే అడిగే క్విజ్‌లను నేను పెద్దగా నమ్మను.

ఇంట్లోవాళ్లకు మాత్రం నంబర్లు తగిలించకండి. "ఏమవుతుందని నీ భయం?" అని నెమ్మదిగా అడగండి. ఆరో టైప్ మనిషికి "భలే చేశావ్" కన్నా "నేనున్నాగా, ఇద్దరం చూసుకుందాం" అన్న మాటే ఎక్కువ ఊరట.