బండి క్లచ్ మరమ్మతు – 5వ పాఠం: కొత్త ప్లేట్లు మళ్లీ ఎందుకు మాడాయి?

నాలుగో పాఠం చదివి ప్లేట్లు సొంతంగా మార్చుకున్నవారిలో కొందరు, నెల తిరగకముందే క్లచ్ మళ్లీ జారుతోందని, అంటే ఇంజను బలం చక్రానికి పూర్తిగా అందడం లేదని రాశారు. క్లచ్ ఇంజను నూనెలో తడుస్తుంది కాబట్టి నూనె వల్లే జారిందని చాలామంది అనుకున్నారు. బాస్కెట్‌కు, అంటే ప్లేట్లు కూర్చునే గిన్నెకు పడే గాట్ల సంగతి వచ్చే పాఠానికి జరిపి, ఈసారి దీన్నే చూద్దాం.

నూనె సంగతి ఒక్క మాటతో తేలుతుంది. డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉంటే చాలు. ఎంబీ అని ఉన్నది రాపిడి తక్కువగా ఉండే నూనె, గేర్ల బండికి పనికిరాదు.

అసలు తప్పు క్లచ్ లీవరు దగ్గర జరిగింది. ప్లేట్లు అరిగేకొద్దీ వాటిని స్ప్రింగుల బలంతో నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్ లోపలికి జరుగుతుంది, దాంతో లీవరు ప్లే, అంటే కేబుల్ బిగిసేలోపు లీవరు ఖాళీగా కదిలే దూరం, తగ్గుతూ వస్తుంది. కొత్త ప్లేట్లు వేయగానే ఆ ప్లే ఒక్కసారిగా పెరిగి లీవరు వదులుగా అనిపిస్తుంది. దాన్ని లోపమనుకుని మీరు కేబుల్‌ను పూర్తిగా లాగి బిగించారు. కొత్త ప్లేట్లు నాలుగు రోజుల్లో సర్దుకుని కాస్త పలచబడగానే ఉన్న కొద్దిపాటి ప్లే కూడా పోయింది. ఆ తరువాత మీరు లీవరు ముట్టుకోకపోయినా కేబుల్ ప్రెషర్ ప్లేట్‌ను పట్టి లాగుతూనే ఉంది, స్ప్రింగుల ఒత్తిడి ప్లేట్ల మీద పూర్తిగా పడలేదు. అంటే రోజంతా హాఫ్ క్లచ్‌లోనే, లీవరు సగం నొక్కి పట్టినట్టే నడిపారన్నమాట.

ప్లేట్లు కరుచుకుని ఒకే వేగంతో తిరిగినంతసేపు వేడి పుట్టదు, జారినప్పుడే పుడుతుంది. శ్రీశైలం డ్యాం దాటి ఈగలపెంట వైపు ఎక్కుతూ, ముందు బస్సు ఆగిందని బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్ మీదే బండిని నిలబెట్టారనుకోండి. ఇంజను 3000 ఆర్‌పీఎం దగ్గర 8 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంటే, ఆ 2.5 కిలోవాట్లూ వేడిగానే మారతాయి. పది సెకన్లలో 25 కిలోజౌళ్లు. క్లచ్‌లో స్టీల్ ప్లేట్లు, రాపిడి ప్లేట్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి; ఆ స్టీల్ ప్లేట్లన్నీ కలిపి 400 గ్రాములుంటే, నూనె ఏమీ లాక్కోకపోతే వాటి వేడి 125 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. ఇలా పదేపదే కాలిన స్టీల్ ప్లేటు మీద నీలి మచ్చలు తేలతాయి, రాపిడి ప్లేటు ముఖం నల్లగా నిగనిగలాడుతుంది. అలా నునుపెక్కిన ప్లేటును గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేయడం నాకు ఇష్టముండదు, మార్చేయండి. స్టీల్ ప్లేటును అద్దం పలక మీద పెట్టి, ఎక్కడైనా ఊగితే దాన్నీ తీసేయండి.

లీవరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ప్లే ఉండాలి. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. నేను స్కేలు పెట్టను, లీవరు మొదలు దగ్గర ఉన్న సందులో రూపాయి నాణెం దూరితే చాలనుకుంటాను. హ్యాండిల్‌ను ఎడమకు, కుడికి చివరిదాకా తిప్పి చూసినా ఆ ప్లే పోకూడదు. ఒక పక్కకు తిప్పినప్పుడు పోతోందంటే కేబుల్ ఎక్కడో పట్టేస్తోంది, ముందు దాని దారి సరిచేయండి.

అభ్యాసం: వారం రోజులు ఉదయం చల్లని ఇంజను మీద ఒకసారి, పది కిలోమీటర్లు నడిపాక ఒకసారి ప్లే కొలిచి పుస్తకంలో రాయండి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్లో 40 వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పండి. ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే ఆ తేదీ పక్కన గుర్తు పెట్టుకోండి. ఆ పట్టికతోనే తరువాతి పాఠానికి రండి.