డేనిష్ గాంబిట్: పదో ఎత్తుకల్లా క్వీన్‌లు మాయమవుతున్నాయా?

చదరంగంలో తెల్లవాడు ఎటాక్ కోసం బంట్లు వదులుకునే ఓపెనింగ్ (ఆట ఆరంభపు ఎత్తుల వరస) డేనిష్ గాంబిట్. ఇక్కడ మీరు తెల్లపావులు; ఈ4 లాంటివి గళ్ళ పేర్లు, అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస.

సమస్య: 1. ఈ4 ఈ5 2. డీ4, నల్లవాడు కొట్టాడు. 3. సీ3, మళ్ళీ కొట్టాడు. 4. బిషప్ సీ4, బీ2 బంటునూ కొట్టాడు. 5. మీరు బిషప్‌తో బీ2 కొట్టారు. బిషప్‌లు రెండూ రాజు వైపే గురి. అయినా కాసేపటికి క్వీన్‌లు పోయాయి, ఎటాక్ లేదు.

ఓపెనింగే పనికిరాదని అనేసే ముందు స్కోర్‌షీట్ (ఎత్తులు రాసుకున్న కాగితం) తీయండి. ఎంతమందికి చెప్పినా ఈ ఒక్కటీ చేయరు. 5వ ఎత్తుకు నల్లవాడు డీ5 ఆడాడా? అయితే కారణం అదే.

కారణం: ఇది ష్లెక్టర్ డిఫెన్స్. 1910లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ లాస్కర్‌తో ప్రపంచ టైటిల్ మ్యాచ్‌ని 5-5తో సమం చేసిన కార్ల్ ష్లెక్టర్ పేరు మీద ఉంది. తిన్న బంట్లను తిరిగిచ్చేయడమే ఇందులో కిటుకు. 6. బిషప్‌తో డీ5 కొడతారు, గుర్రం ఎఫ్6. 7. బిషప్‌తో ఎఫ్7 కొట్టి చెక్, రాజు కొడతాడు. 8. క్వీన్‌తో డీ8 కొడతారు. క్వీన్ ఊరికే వచ్చిందనిపిస్తుంది. ఒక ర్యాపిడ్ (తక్కువ టైమ్ ఆటల) టోర్నీలో నేనూ అలాగే కొట్టి గడియారం నొక్కాను. అవతలి అబ్బాయి తొణక్కుండా బిషప్‌ని బీ4లో పెట్టి చెక్ అన్నాడు. ఎఫ్8 ఖాళీ కాగానే హెచ్8 రూక్ నేరుగా నా క్వీన్ మీదకొచ్చింది. క్వీన్‌నే డీ2లో అడ్డం పెట్టి మార్చుకోవడం తప్ప దారి లేదు. సీ, డీ బంట్లు ఇచ్చేసినప్పుడే బీ4 నుంచి ఈ1 దాకా నా రాజు ముందు దారి తెరుచుకుందని నేను చూసుకోలేదు.

పరిష్కారం: 6వ ఎత్తులో బిషప్‌తో కాదు, ఈ4 బంటుతో డీ5 కొట్టండి. డీ ఫైల్ (నిలువు వరస) మూసుకుంటుంది, క్వీన్‌లు ఉంటాయి. ఒక బంటు తక్కువైనా బీ2 బిషప్ జీ7ని చూస్తూనే ఉంటుంది. గుర్రాలు తీసి క్యాజిల్ అవ్వండి (రాజు, రూక్ ఒకే ఎత్తులో కదిలి రాజు భద్రమవడం). ఆ టెన్షనే వద్దనుకుంటే 4వ ఎత్తులోనే గుర్రంతో సీ3 కొట్టండి. నేనిప్పుడు ఇదే ఆడుతున్నాను. పోయేది ఒక్క బంటే, డీ5 మీద పట్టు మీది, బీ4 చెక్ కూడా ఉండదు.

5వ ఎత్తులో నల్లవాడు డీ5 కాక బిషప్ బీ4 చెక్ ఇస్తే గుర్రం సీ3 చాలు. 3వ ఎత్తులోనే డీ5 ఆడి గాంబిట్ వద్దంటే మామూలు ఆటే.

ఇప్పటికే క్వీన్‌లు పోయాయా? పావులు సమానమే, కంగారు వద్దు. క్వీన్ వైపు అతనికి మూడు బంట్లు, మీకు ఒకటి. రాజు వైపు మీకు నాలుగు, అతనికి రెండు. ఈ, ఎఫ్ బంట్లను ముందుకు నడపండి.