క్రూజర్-రేసర్ యాట్ కొలతలు చదవడం ఎలా?

విదేశంలో ఉంటున్న మా మేనల్లుడు పోయిన నెల వాట్సాప్‌లో ఒక తెరచాప పడవ ఫోటోలు పంపాడు. లోపల సోఫా, చిన్న స్టవ్వు, ముందువైపు పడక. నలుగురు స్నేహితులు కలిసి సెకండ్ హ్యాండ్‌లో కొంటారట. "ఎలా ఉంది మామయ్యా?" అన్నాడు. ఫోటో చూసి సంబంధం ఖాయం చేసుకోకురా, ముందు కొలతలు పంపు అన్నాను.

సెలవుల్లో ఇంటిల్లిపాదీ తిరగడానికీ, ఆదివారం పందెంలో దిగడానికీ పనికొచ్చే పడవను పర్ఫార్మెన్స్ క్రూజర్-రేసర్ అంటారు. సుఖం వైపు ఎంత మొగ్గింది, వేగం వైపు ఎంత మొగ్గింది అన్నది సోఫా చెప్పదు. నాలుగైదు అంకెలు చెబుతాయి. ఉదాహరణకి జే/105 తీసుకుందాం. రాడ్ జాన్‌స్టన్ గీసిన అమెరికన్ డిజైన్, 1990ల మొదట్లో వచ్చింది. పొడవు 10.5 మీటర్లు, బరువు సుమారు 3,515 కిలోలు.

ముందుగా నీటిని తాకే పొడవు వెతకండి. మొత్తం పొడవుతో పెద్దగా పనిలేదు. ఎందుకో తెలియాలంటే విజయవాడ పున్నమి ఘాట్‌లో నిలబడి భవానీ ద్వీపానికి వెళ్లే బోటును చూడండి. ముక్కు దగ్గర ఒక అల లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ రెండో అల వెనక్కి జరుగుతూ జరుగుతూ తోక దగ్గరికి చేరుతుంది. అక్కడితో పడవ తాను లేపిన రెండు అలల మధ్య గుంటలో ఇరుక్కున్నట్టే. ఇంజిన్ ఎంత అరిచినా వేగం పెద్దగా పెరగదు. ఆ హద్దు కావాలంటే మీటర్లలో ఉన్న పొడవుకి వర్గమూలం కట్టి 2.43తో గుణించండి. జే/105కి ఆ పొడవు 9 మీటర్లు, వర్గమూలం 3, అంటే 7.3 నాట్లు. వరి నాట్లు కాదులెండి, గంటకు 13.5 కిలోమీటర్లు! బెంజ్ సర్కిల్‌లో సాయంత్రం పూట మన బండి కూడా అంతే. అయితే తేలికగా ఉండి, వెనక భాగం అడుగున చదునుగా ఉన్న పడవ, వెనకగాలి గట్టిగా వీస్తే ఆ గుంటలోంచి బయటపడి ఇంకా వేగంగా జారిపోగలదు.

అందుకే తర్వాత చూడాల్సింది బరువుకి తగ్గ చాప ఉందా అని. బరువును టన్నుల్లో రాసి 1.025తో భాగించండి, అది పడవ పక్కకి నెట్టే సముద్రపు నీరు. ఇక్కడ 3.43 ఘనపు మీటర్లు. దాని ఘనమూలాన్ని వర్గం చేస్తే 2.27. తెరచాపల వైశాల్యం 53.6 చదరపు మీటర్లను దీంతో భాగిస్తే 23.6 వస్తుంది. 16కి అటూ ఇటూ ఉంటే తీరిగ్గా తిరిగే సంసారపక్షం పడవ. 20 దాటిందంటే గాలి పెరగగానే చాప కుదించడం తెలిసిన చేతులు ఉండాలి. పిల్లలతో బయల్దేరేవాళ్లు ఈ ఒక్క లెక్కా తప్పకుండా వేసుకోవాలి.

ఇక కీల్, అంటే అడుగున రెక్కలా వేలాడే బరువు. జే/105 బరువులో దాదాపు 44 శాతం అక్కడే ఉంది. శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం, ఆ బరువు ఎంత లోతున ఉందన్నదే అసలు సంగతి. ఇంట్లో చేసి చూడండి. రెండు థర్మోకోల్ ముక్కలు, రెండు ఒకేలాంటి నట్లు. ఒక నట్టును ముక్క అడుగునే అంటించండి, రెండోదాన్ని ఐస్‌క్రీమ్ పుల్ల చివర కట్టి కిందికి దించండి. నీళ్ల తొట్టిలో వేసి వేలితో పక్కకి వంచి వదలండి. పుల్ల ఉన్నది టక్కున లేచి నిలబడుతుంది. రెండోది తటపటాయిస్తుంది. ఈ లోతుకి వెల కూడా ఉంది. జే/105 దాదాపు 2 మీటర్లు మునుగుతుంది. మన కృష్ణలో దించితే మొదటి ఇసుక మేట దగ్గరే ఆగిపోతుంది.

పాత పడవైతే ఇంకో పని మిగిలే ఉంది. బరువు తగ్గించడానికి చాలా పడవల్లో రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా అనే తేలికైన చెక్క పెడతారు. బోల్టు రంధ్రాల్లోంచి నీరు దిగితే అది లోలోపలే కుళ్లుతుంది. కుండ కొనేటప్పుడు చేసినట్టే, ప్లాస్టిక్ సుత్తితో డెక్, అంటే పడవ పైభాగం అంతా తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నచోట టక్ మంటుంది, కుళ్లినచోట డబ్ మంటుంది.

మావాడు తట్టి ఆడియో పంపాడు. టక్, టక్, టక్... తెరచాప స్తంభం దగ్గరికి రాగానే డబ్. అక్కడ చాక్‌పీస్‌తో గుండ్రంగా గీసి, అడ్వాన్స్ ఇవ్వకుండా, పడవలు తనిఖీ చేసే సర్వేయర్‌ని పిలవమన్నాను.