పాత జెన్ ఇంజిన్‌కి జోరు తేవాలంటే, ఆర్సీ జోలికి పోకుండా

కార్బొరేటర్ (పెట్రోల్, గాలి కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) ఉండే పాత మారుతి జెన్ కారు ఇంకా నడిపేవాళ్ళు మన నెల్లూరు, ఒంగోలు వైపు బానే ఉండారు. అందరూ అడిగేది ఒకటే, ఎస్టీమ్ 1300 ఇంజిన్ ఎక్కిచ్చేస్తే పోలా అని. లాగుద్ది, కాదన్ను. కానీ ఆర్సీలో 993 సీసీ అని ఉంటది గదా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది, సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 ఫైన్ లేదా ఆర్నెల్ల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. పైగా ఈ బళ్ళన్నీ 15 ఏళ్ళు దాటినవే, అయిదేళ్ళకోసారి రెన్యువల్‌కి పోతే ఆడ నంబర్లు చూస్తారు. అందుకని ఇంజిన్ నంబరు కొట్టిన బ్లాకు (సిలిండర్లుండే ఇంజిన్ బాడీ) అట్నే ఉంచి లోపల పని చేయించుకోండి. కొత్తలో 50 బీహెచ్‌పీ ఇచ్చిన ఇంజిన్ అది, సగం మంది ఎక్కువ పవర్ కావాలనేది అరిగిపోయిన పవర్ గురించే.

ఇంజిన్ ఇప్పే ముందు కంప్రెషన్ చూడండి, అంటే ఒక్కో సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటందో గేజితో కొలవడం. ఇంజిన్ వేడిగా ఉండాల, నాలుగు ప్లగ్గులూ పీకేసి, ప్లగ్గు రంధ్రంలో గేజి పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, స్టార్టర్ తిప్పాల. సిలిండర్లకి మధ్య పది పదిహేను శాతం కన్నా తేడా ఉంటే తక్కువ వచ్చిన దాంట్లో ఒక స్పూను ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి, రీడింగ్ లేస్తే పిస్టన్ రింగులు పోయినట్టు, లేవకపోతే వాల్వులో హెడ్ గాస్కెటో. ఈ పావుగంట పని చేయకుండా ఇంజిన్ మొత్తం ఇప్పేద్దాం అనే మెకానిక్ దగ్గర బండి పెట్టబాకండి.

రింగులు పోతే బోరింగే, అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడని కోసి కొంచెం వెడల్పు చేయడం. ఒరిజినల్ బోరు (సిలిండర్ వెడల్పు) 72 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 61. అర మిల్లీమీటర్ ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తే 993 కాస్తా 1007 సీసీ అవుద్ది, ఆ 14 సీసీ వల్ల ఒరిగేదేం లేదు గానీ ఇది కంపెనీ వాళ్ళు రిపేరుకని ఇచ్చే సైజే. ముఖ్యమైంది ఏందంటే బోరు చేయించే ముందే పిస్టన్లు కొని లేతు షాపులో ఇవ్వాల, ఒక్కో పిస్టన్ని మైక్రోమీటర్‌తో కొలిచి దానికి తగ్గట్టు ఆ సిలిండర్ బోరు చేయాల, పిస్టన్‌కీ గోడకీ మధ్య గ్యాపు వెంట్రుక మందం కూడా ఉండదు. ఓవర్‌సైజ్ కదా అని నాలుగూ ఒకే కొలతకి కొట్టేసే షాపులుండాయి, చూసుకోండి. హోనింగ్ (బోరు గోడని రాయితో సన్న గీతలు పడేట్టు రుద్దడం) అయినాక పెట్రోల్‌తో తుడిస్తే చాలదు, రాయి పొడి గీతల్లోనే ఉండిపోద్ది. వేడి నీళ్ళు, సర్ఫు, బ్రష్షు పెట్టి రుద్దండి, తెల్లగుడ్డ వేసి తుడిస్తే తెల్లగానే రావాల, నల్లగా వస్తే మళ్ళీ రుద్దండి. ఆరంగానే ఆయిల్ పూయండి, మన సముద్రపు గాలికి తుప్పెక్కడానికి ఒక్క రాత్రి చాలు.

హెడ్డులో (సిలిండర్ల మీద మూతలా ఉండేది) వాల్వు సీట్లు కోయించి లాపింగ్ (వాల్వు సీటుకి అతుక్కునేట్టు పేస్టు పెట్టి రుద్దడం) చేయించండి. హెడ్డు తిరగేసి, ప్లగ్గులు బిగించి, ఛాంబర్లో పెట్రోల్ పోసి పది నిమిషాలు వదిలేస్తే పోర్టులోకి (గాలి, పొగ పోయే దారి) చెమ్మ దిగకూడదు. పోర్టుల్లో పోతపోసిన గరుకులు తీసి గాస్కెట్‌కి సరిపెడితే చాలు, అద్దంలా పాలిష్ పట్టించబాకండి. హెడ్డు మట్టం చేసేటప్పుడు 0.3 మిల్లీమీటర్ దాకా తీయిస్తే కంప్రెషన్ కొంచెం పెరుగుద్ది, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోల్, దాని ఆక్టేన్‌కి అంత పెరిగినా తట్టుకుంటది. కానీ అదే పెట్రోల్ కార్బొరేటర్‌కి గాలి ఎక్కువైనట్టు చేస్తది, మెయిన్ జెట్ (కార్బొరేటర్లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) ఒక సైజు పెంచాల్సి రావచ్చు. పాత రబ్బరు పైపులన్నీ మార్చేయండి, ఉబ్బి లీకైతే మంటలే.

ప్లగ్గు మంట ఎప్పుడు కొడతందో, ఆ టైమింగ్‌ని టైమింగ్ లైటు పెట్టి చూడండి, చెవితో కాదు. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) పక్కన, టైమింగ్ ముందుకు జరిపే వాక్యూమ్ డబ్బా ఉంటది, దానికి శుభ్రమైన సన్న పైపు తగిలించి నోటితో పీల్చి నాలిక అడ్డం పెట్టండి, పట్టేసి ఉంటే బాగున్నట్టు, గాలి వదిలేస్తుంటే లోపల డయాఫ్రం (పల్చటి రబ్బరు పొర) చిరిగినట్టు. బండి లాగట్లేదని ఇంజిన్ ఇప్పిన వాళ్ళలో కొందరికి ఇదొక్కటే రోగం.

కూలింగ్ మాత్రం వదిలేయబాకండి. ఇది అల్యూమినియం ఇంజిన్, రోహిణి కార్తెలో హైవే మీద ఒక్కసారి ఉడికిందంటే హెడ్డు వంగిపోద్ది. కొత్తపట్నం, కావలి వైపు ఉప్పు బోరు నీళ్ళు రేడియేటర్లో పోస్తా ఉంటారు, లోపల తినేస్తది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయండి. ఎండాకాలం అని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే వాల్వు) పీకేసే అలవాటొకటి ఉంది, అది పెట్టే ఉంచండి.

బ్రేకులు, టైర్లు చూసుకోండి, సైలెన్సర్ ఒరిజినల్‌దే ఉంచండి. అంతా బిగించాక పొల్యూషన్ చెక్ చేయిస్తే జెట్టు సరిపోయిందో లేదో కూడా తెలిసిపోద్ది, భారత్ స్టేజ్ ముందు నాటి పెట్రోల్ కార్లకి ఐడిల్లో (బండి నిలబెట్టి ఇంజిన్ నడిపేటప్పుడు) పొగలో సీఓ, అంటే కార్బన్ మోనాక్సైడ్, 3 శాతం దాటకూడదు. మొదటి 500 కిలోమీటర్లు ఒకే స్పీడులో పట్టి నడపబాకండి, టోల్ రోడ్డు మీద కన్నా కందుకూరు రోడ్డు లాంటిది మేలు, గేర్లు మారుస్తా ఎక్కిస్తా దించుతా పోవాల, ఆ 500 అయినాక ఆయిలూ ఫిల్టరూ మార్చేయండి.