లైవ్ మైగ్రేషన్‌కి ముందు సీపీయూ టైప్ ఒకసారి చూసుకోండి

వర్చువల్ మెషిన్లు (వీఎంలు) నడిపే ప్రాక్స్‌మాక్స్ సాఫ్ట్‌వేర్‌లో వీఎం సీపీయూ టైప్ 'హోస్ట్' (సర్వర్ ప్రాసెసర్‌నే ఉన్నదున్నట్టు వీఎంకి చూపించేది) అని పెట్టి, నడుస్తుండగానే దాన్ని పాత ప్రాసెసర్ ఉన్న సర్వర్‌కి పంపితే, మైగ్రేషన్ అయిపోయిందని స్క్రీన్ మీద చూపించినా లోపల వీఎం హ్యాంగ్ అయ్యే ప్రమాదం ఉంది, ఎందుకంటే బూట్ అయినప్పుడు దానికి కనిపించిన ఏవీఎక్స్-512 లాంటి ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లు అక్కడ ఉండవు. క్లస్టర్‌లో (కలిపి నడిపే సర్వర్ల గుంపులో) అన్నిటికన్నా పాత సర్వర్‌కి సరిపోయే సీపీయూ మోడల్ పెట్టండి, మామూలు పనులకు ఎక్స్86-64-వీ2-ఏఈఎస్ అనే టైప్ చాలు. మార్చాక వీఎంని పూర్తిగా ఆపి స్టార్ట్ చేయాలి, లోపలినుంచి రీబూట్ కొడితే సరిపోదు.

డేటాబేస్ వీఎం అయితే దయచేసి రద్దీ తగ్గాకే కదపండి. వీఎం మెమరీ పేజీలు (మెమరీలోని చిన్న ముక్కలు) కొత్త సర్వర్‌కి కాపీ అయ్యేదానికన్నా వేగంగా మారిపోతుంటే కాపీ ఎంతకీ తెమలదు.