సిగ్నల్ ఫుల్, ఫోటో మాత్రం పోదు: తిరుపతిలో నెట్ సమస్యలు - పరిష్కారాలు

బ్రహ్మోత్సవాలప్పుడు తిరుపతిలో ఎవరిని కదిపినా ఒకటే మాట: "టవర్ ఉంది, నెట్ లేదు". ఫోన్ పైన కనిపించే గీతలు టవర్ సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో మాత్రమే చెబుతాయి. టవర్ దగ్గర మన వాటా ఎంత, ఆ వాటాలో వెళ్లిన డేటా చెడకుండా చేరుతోందా అన్నవి గీతల్లో తెలియవు. అసలు గొడవంతా ఆ రెండింటిలోనే.

ముందు రెండు అంకెలు చూసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ అని ఉంటుంది. అక్కడ సిగ్నల్ బలం మైనస్ 80 డీబీఎం దగ్గరుంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటిపోతే బలహీనం. రెండోది ఎస్ఐఎన్ఆర్, అంటే చుట్టూ ఉన్న గోలతో పోలిస్తే సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందన్న లెక్క. నెట్‌వర్క్ కొలిచే యాప్‌లలో కనిపిస్తుంది. 20 ఉంటే భేష్, సున్నా దగ్గరకొస్తే కష్టమే.

సమస్య: గీతలు నిండుగా ఉన్నాయి, వాట్సాప్‌లో ఫోటో తిరుగుతూనే ఉంది

గరుడ సేవ రాత్రి మాడ వీధుల్లో కనిపించేది ఇదే. బలం బాగుంది, వాటా లేదు.

4జీ టవర్ తన స్పెక్ట్రమ్‌ను, అంటే తనకున్న ఫ్రీక్వెన్సీల పట్టీని, 180 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ముక్కలు చేసి పంచుతుంది. వీటినే రిసోర్స్ బ్లాక్‌లు అంటారు. 20 మెగాహెర్ట్జ్ సెల్‌లో, అంటే టవర్ ఒక వైపు కవర్ చేసే భాగంలో, ఇవి 100. ఏ ముక్క ఎవరికన్నది టవర్‌లోని షెడ్యూలర్ అనే సాఫ్ట్‌వేర్ ప్రతి మిల్లీసెకనుకూ కొత్తగా తేలుస్తుంది. అంటే సెకనుకు లక్ష ముక్కలు. 200 ఫోన్లు ఒకేసారి అడిగి సమానంగా పంచుకుంటే తలా 500. సిగ్నల్ శుభ్రంగా ఉంటే ముక్కకు సుమారు 500 బిట్లు పడతాయి, గోల ఎక్కువైతే 80 పడటమే గగనం. 200 కిలోబైట్ల ఫోటో మొదటి పరిస్థితిలో ఆరేడు సెకన్లలో దిగుతుంది, రెండోదాంట్లో 40 సెకన్లు పడుతుంది.

ఇది కూడా టవర్ నుంచి ఫోన్‌కు వచ్చే దిశ లెక్క. ఫోటో పంపడం ఎదురు దిశ. 2300 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో రెండు దిశలూ ఒకే ఫ్రీక్వెన్సీని వంతులవారీగా వాడుకుంటాయి. ఎక్కువగా వాడే ఒక అమరికలో ప్రతి 10 మిల్లీసెకన్లలో ఫోన్ల వంతు 2 మాత్రమే. పైగా ఫోన్ పంపగలిగే శక్తి 200 మిల్లీవాట్ల దగ్గరే ఆగిపోతుంది. దాన్ని ఎక్కువ ముక్కల మీద పరిస్తే ఒక్కోదానికి అందేది తగ్గుతుంది కాబట్టి, దూరంగా ఉన్న ఫోన్‌కు టవర్ తక్కువ ముక్కలే ఇస్తుంది. అందుకే రీల్స్ వస్తుంటాయి, మన ఫోటో మాత్రం కదలదు.

ఏం చేయాలి: ఫోటోల ఆటో బ్యాకప్ ఆపేయండి, తెలియకుండా మన వాటా తినేది ఎక్కువగా అదే. హెచ్‌డీ క్వాలిటీ వద్దు. 5జీ ఫోన్ అయితే 4జీకి, 4జీలో ఇరుక్కుంటే 5జీకి మార్చి చూడండి. పంచుకునే గుంపు మారుతుంది. ఏరోప్లేన్ మోడ్ వేసి తీయడం అందరూ చెప్పే చిట్కా. వేరే బ్యాండ్‌కు తగులుకుంటే లాభమే. కానీ జాతరలో అదే పనిగా చేస్తే నష్టమే ఎక్కువ. మళ్లీ టవర్ తలుపు తట్టాలి, తట్టడానికి ఒక్కో అవకాశంలో సెల్‌కు ఉండేవి 64 సంకేతాలే. ఇద్దరు ఒకేదాన్ని ఎంచుకుంటే ఢీకొని కనీసం ఒకరు మళ్లీ మొదలుపెట్టాలి.

సమస్య: గాంధీ రోడ్డులో క్యూఆర్ స్కాన్ చేస్తే పేమెంట్ తిరుగుతూ ఉంటుంది

యూపీఐకి కావాల్సిన డేటా చాలా తక్కువ. చిక్కు ఆ తలుపు తట్టే దగ్గరే. స్కాన్ చేయకముందే డేటా ఆన్‌లో ఉంచండి, ఒకసారి నొక్కాక కాసేపు ఆగండి. హిస్టరీ చూడకుండా రెండోసారి కట్టొద్దు.

సమస్య: ఘాట్ రోడ్డులో స్పీడ్ ఒక క్షణం బాగుంటుంది, మరుక్షణం సున్నా

ఇక్కడ గుంపుకన్నా కొండలదే తప్పు. ఫోన్ తన పరిస్థితిని 0 నుంచి 15 వరకు అంకెగా టవర్‌కు చెబుతూ ఉంటుంది. టవర్ దాన్ని నమ్మి, ముక్కలో ఎన్ని బిట్లు కూరాలో నిర్ణయిస్తుంది. బస్సు మలుపు తిరిగేసరికి ఆ అంకె పాతబడిపోతుంది, కూరింది ఎక్కువైపోతుంది.

తర్వాత జరిగేది చాలామందికి తెలియదు. ఒక విడతలో పంపే డేటా 6144 బిట్లు దాటితే 4జీ దాన్ని కోడ్ బ్లాక్‌లుగా కోసి, ప్రతిదానికీ 24 బిట్ల తనిఖీ అంకె తగిలిస్తుంది. దక్కిన రేడియో వాటాను ఆ బ్లాక్‌లకు దాదాపు సమానంగా పంచుతుంది. తేడా వస్తే చాలా స్వల్పం, అంతే. పంపకం న్యాయంగానే ఉంది. కానీ వాటిలో ఒక్కటి చెడినా ఫోన్ మొత్తం విడతనే "అందలేదు" అంటుంది, టవర్ మొత్తం మళ్లీ పంపుతుంది. బాగా చేరినవాటి వాటా కూడా వృథా. 5జీలో చెడిన బ్లాక్‌ల గుంపును మాత్రమే మళ్లీ పంపించుకునే వీలుంది, నెట్‌వర్క్‌లో ఆ ఏర్పాటు పెట్టి ఉంటేనే. మొదటిసారి పదింట ఒకటి చెడటం మామూలే, వ్యవస్థను అలాగే సర్దుతారు. వరుసగా చెడితేనే వీడియో ఆగుతుంది.

ఏం చేయాలి: మ్యాప్, పాటలు అలిపిరిలోనే డౌన్‌లోడ్ చేసుకోండి. వీడియో క్వాలిటీ తగ్గించండి. పెద్ద ఫైల్ పంపాలంటే కొండపైకి చేరి, ఒకచోట నిలబడ్డాక పంపండి.

సమస్య: కాల్ స్పష్టంగా ఉంది, డేటా లేదు

లోపం కాదు. వోల్టే కాల్‌కు, అంటే 4జీ మీదే నడిచే కాల్‌కు, షెడ్యూలర్ ముందే హామీ వాటా పక్కన పెడుతుంది. అర్జెంటైతే ఫోన్ చేసి చెప్పేయండి.

సమస్య: దర్శనం టికెట్లు విడుదలయ్యే వేళ పేజీ తెరుచుకోదు

వేరే సైట్ తెరిచి చూడండి. అది వస్తుంటే రేడియోకు సంబంధం లేదు, రద్దీ సర్వర్ దగ్గర. సిమ్ మార్చినా లాభం లేదు, రిఫ్రెష్ కొట్టకుండా కూర్చోండి.

రద్దీ లేని రోజుల్లో కూడా ఒకేచోట ఇలాగే ఉంటే మాత్రం కంప్లయింట్ ఇవ్వండి. "నెట్ రావట్లేదు" అని రాస్తే రీస్టార్ట్ చేయమంటారు. చోటు, టైము, బ్యాండ్, సిగ్నల్ బలం, ఎస్ఐఎన్ఆర్ రాయండి. బలం బాగుండి ఎస్ఐఎన్ఆర్ పడిపోతే యాంటెన్నా వంపు సరిచూడాలి, రెండూ బాగుండి స్పీడ్ లేకపోతే అక్కడ ఇంకో క్యారియర్, అంటే అదనపు ఫ్రీక్వెన్సీ, కావాలి. తేలకపోతే డాకెట్ నంబర్‌తో (కంప్లయింట్‌కు ఇచ్చే నంబర్) అదే కంపెనీ అప్పీలేట్ అథారిటీకి వెళ్లొచ్చు.